పెడనకి రెండు క్యాన్ల ఇనుపమందు

తిరిగొచ్చి తొమ్మిది రోజులైంది. విజయవాడ వెళ్ళొచ్చానంటే అనంతపురంలో అందరూ అమ్మవారి దర్శనం బాగా జరిగిందా అని అడుగుతున్నారు. జరగలేదు. బ్యారేజీ మీద ఫొటో దిగారా అంటున్నారు. దిగలేదు. నాలుగు రోజులు కృష్ణా డెల్టాలో తిరిగి నేను చూసిందల్లా మురుగునీళ్ళు. దాని గురించే రాస్తున్నాను. గుళ్ళూ గోపురాలూ కావలసినవాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు.

నేను మున్సిపాలిటీ మంచినీళ్ళ ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు కెమిస్టుగా చేసి రిటైరయ్యాను. మా ఆవిడ తమ్ముడు శేషగిరికి పెడన అవతల ఒక కలంకారీ అద్దకం షెడ్డుంది. బట్ట మీద చెక్క అచ్చులతో పూలూ లతలూ అద్ది, రంగునీళ్ళలో ఉడికించి, జాడిస్తారు. ఆ నీళ్ళన్నీ తిన్నగా కాలవలోకే పోతాయి. దిగువ ఊరి రైతులు రెండేళ్ళుగా మొత్తుకుంటున్నారు, పశువులు ఆ నీళ్ళలో మూతి పెట్టడం లేదని. శేషగిరి రెండేళ్ళుగా "చూద్దామండీ" అంటున్నాడు. చివరికి వాళ్ళకి ఓపిక పోయింది. ఈ కార్తీకమాసంలో ఒక ఆదివారం గడువు పెట్టారు. ఆ పొద్దుటికి షెడ్డులోంచి తేటనీళ్ళు రాకపోతే షెడ్డు నీళ్ళు కాలవలో కలిసే తూముకి అడ్డంగా మట్టికట్ట వేసేస్తామన్నారు. కట్ట పడితే షెడ్డు మూతపడినట్టే, పద్దెనిమిది మందికి పని పోయినట్టే. న్యాయం రైతుల వైపే ఉంది. ఆ మాట ఇంట్లో అంటే మా ఆవిడ ఒక పూట నాతో మాట్లాడలేదు.

శేషగిరి ఒక సీసాలో ఎర్రటి నీళ్ళు పట్టి కొరియర్ చేశాడు. వంటింటి గట్టు మీద గాజుగ్లాసులు వరసగా పెట్టి, నా దగ్గరున్న ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కలు చుక్కలుగా వేసి చూశాను. ఇది ఇనుముతో చేసిన ఒక ఉప్పు ద్రావణం, చూడ్డానికి చిక్కటి కాఫీ డికాక్షన్‌లా ఉంటుంది. నీళ్ళలో కంటికి ఆనకుండా తేలాడే మురికినంతా ముద్దలుగా దగ్గరికి చేర్చి అడుక్కి దింపేస్తుంది. పెద్ద పెద్ద మురుగునీటి ప్లాంట్లలో వాడేది ఇదే. పావుగంటలో గ్లాసులో పైన తేటనీళ్ళు, అడుగున ఎర్రటి మడ్డి. నా భుజం నేనే తట్టుకుని "వస్తున్నానని చెప్పు" అన్నాను మా ఆవిడతో.

విజయవాడ గవర్నర్‌పేట, గురువారం

లాడ్జిలో సామాను పడేసి, కింద హోటల్లో నెయ్యి ఇడ్లీ తిన్నాను. రెండు ఇడ్లీలు, పైన కారప్పొడి, పక్కన అల్లం పచ్చడి, అరవై రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుకి ఉగ్గాని, బజ్జీ, టీ అయ్యి చిల్లర మిగులుతుంది. కానీ నిజం చెప్పాలి, ఆ అల్లం పచ్చడి కోసం ఇంకో ప్లేటు తెప్పించుకున్నాను.

ఆ తర్వాత మందు కోసం కెమికల్ షాపుకి వెళ్ళాను. "ఫెర్రిక్ క్లోరైడ్ రెండు క్యాన్లు కావాలి, ఉందా?" అన్నాను.

"ఉందండీ, కూర్చోండి" అన్నాడు షాపాయన. కుర్చీ వేశాడు, ఫ్యాన్ నావైపు తిప్పాడు, టీ తెప్పించాడు. మనవలెంతమందని అడిగాడు. అనంతపురంలో ఎండలెలా ఉంటాయని అడిగాడు. గంటన్నర అయ్యాక నేనే అడిగాను, సరుకు ఎక్కడుందని.

"ఉందండీ. ఇబ్రహీంపట్నం గోడౌన్లో ఉంది."

"మరి ఇక్కడ ఉందన్నారు?"

"ఉందన్నానండీ. ఇక్కడుందని అనలేదు గదండీ" అన్నాడాయన, ఎంతో మర్యాదగా.

మా ఊళ్ళో అయితే గుమ్మంలో ఉండగానే "లేదు పో సామీ" అనేవాళ్ళు. ఆ మాట వినడానికి కటువుగానే ఉంటుంది గానీ మనిషి గంటన్నర మిగుల్చుకుంటాడు. డెల్టాలో "లేదు" అనే మాట ఎదుటివాడి మొహం మీద అనడం తప్పని చిన్నప్పుడే నేర్పుతారు కాబోలు. ఏదడిగినా "అలాగేనండీ". ఆటో గుణదల వెళ్తుందా అంటే "అలాగేనండీ" అని ఎక్కించుకుని సగం దారిలో దింపేశాడు. లాడ్జిలో వేడినీళ్ళు పంపిస్తారా అంటే "అలాగేనండీ" అన్నారు. ఆ వేడినీళ్ళ కోసం ఇప్పటికీ ఎదురుచూస్తూనే ఉన్నాను.

ఇబ్రహీంపట్నం, ఆ పైన కాలవల దారి

మర్నాడు పొద్దున్నే థర్మల్ స్టేషన్ పొగగొట్టాల్ని చూసుకుంటూ గోడౌన్ వెతుక్కున్నాను. రెండు నీలం క్యాన్లు దొరికాయి. శేషగిరి పంపిన ట్రాలీ ఆటో బట్టల మూటలు విజయవాడ షాపులో దించి నాకోసం వచ్చింది. మూతలు గట్టిగా ఉన్నాయా అని డ్రైవర్ని అడిగాను. ఏమన్నాడో మీకు తెలుసు.

కంకిపాడు దాటేసరికి, క్యాను ఆనుకున్నచోట నా తెల్లప్యాంటు మోకాలి దగ్గర గోధుమరంగు మచ్చ పడింది. ఉయ్యూరు వచ్చేసరికి అది అరచేయంత అయింది. పామర్రులో టీకి దిగితే మచ్చ ఉన్నచోట బట్ట పీలికలైంది. ఈ మందుకి బట్టన్నా ఇనుమన్నా మహా ఇష్టం, దేన్ని తాకితే దాన్ని తినేస్తుంది. డ్రైవరు నా మోకాలు చూసి "అయ్యయ్యో, మూత కొంచెం లూజుగానే ఉందండీ, నేను ఇబ్రహీంపట్నంలోనే చూశాను" అన్నాడు.

"చూస్తే చెప్పొద్దా?"

"మీరు పెద్దవారు, మీకు తెలియదా అనుకున్నానండీ."

టీకొట్టులో చెంబెడు నీళ్ళు అడిగి మోకాలు కడుక్కున్నాను.

దారి మాత్రం కన్నులపండగ. మా వైపు బోరు వేసి, నీళ్ళు పడక, ఇంకో బోరు వేసి కుంగిపోయేవాళ్ళని చూసిన కళ్ళతో ఈ కాలవల్ని చూస్తే కడుపు మండుతుంది. రోడ్డుకి అటూ ఇటూ నిండుగా నీళ్ళు, వాటి పక్కనే కోతకొచ్చిన వరి, చేపల చెరువులు. ఆ కాలవ గట్టు మీదే ప్రతి ఇంటి ముందూ ఇరవై లీటర్ల తాగునీటి క్యాన్లు. ముప్ఫై అడుగుల దూరంలో కాలవ పారుతుంటే నీళ్ళు కొనుక్కుని తాగుతున్నారు. ఇదేమిటని డ్రైవర్ని అడిగితే "కాలవ నీళ్ళు ఎవరు తాగుతారండీ, అందులో అన్నీ కలుస్తాయి గదా" అన్నాడు, అది వానాకాలంలో వాన పడుతుందన్నంత మామూలుగా.

షెడ్డు దగ్గర శేషగిరి నా ప్యాంటు చూసి కంగారుపడ్డాడు. అతని భార్య సుజాత "అన్నయ్యగారూ, ముందు కాళ్ళు కడుక్కోండి" అని వంకాయకూర, గోంగూరపచ్చడి, గడ్డపెరుగు వడ్డించింది. కార్తీకమాసమని ఉల్లిపాయ వెయ్యలేదట. వెయ్యకపోయినా రెండు మారులు అన్నం పెట్టించుకున్నాను. అందువల్ల నాకు అనవసరమైన ధైర్యం కూడా వచ్చింది.

షెడ్డు, శనివారం

షెడ్డులో పెద్ద రాగికాగుల కింద మంట, పక్కన గట్టు మీద తెల్లబట్టలు ఆరేసి ఉన్నాయి. నా సలహా ప్రకారం కొత్తగా కట్టిన సిమెంటు తొట్టి నిండుగా ఉంది. రంగు కొంచెం పసుపు కలిసిన ఎరుపు. సీసాలో వచ్చిన నీళ్ళకంటే తేడాగా అనిపించింది. అనిపించినా పట్టించుకోలేదు.

"ఇందులోకి ఏమేం వస్తున్నాయి?" అని అడిగాను.

"అవేనండీ బావగారూ, షెడ్డు నీళ్ళు" అన్నాడు శేషగిరి.

అతని వెనకాల నాంచారమ్మ నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి. నలభై ఏళ్ళుగా అక్కడ ఉడకబెట్టడం, జాడించడం అంతా ఆవిడ చేతి మీదే నడుస్తుంది. గోళ్ళు శాశ్వతంగా నల్లబడిపోయాయి. ఆవిడ ఏదో అనబోయింది. శేషగిరి వెనక్కి తిరిగి చూశాడు. ఆవిడ ఊరుకుంది.

"ఏమ్మా, పొయ్యమంటావా?" అన్నాను సరదాగా.

"మీ ఇష్టమండీ."

నేను చేతికి రబ్బరు తొడుగులు వేసుకుంటుంటే ఆవిడ వెళ్ళి గట్టు మీద ఆరేసిన తెల్లబట్టల్ని ఒక్కొక్కటీ తీసి పదడుగుల అవతల దండెం మీద వేసింది. తర్వాత చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది. ఎంత శుభ్రమైన మనిషి అనుకున్నాను. నా తెలివితేటలు అలా తగలబడ్డాయి.

ప్లాస్టిక్ మగ్గుతో మందు పోసి, వెదురుగడతో కలియబెట్టించాను. తొట్టి నల్లబడింది. కొంచెం కాదు. ఎరుపూ పసుపూ ఎటుపోయాయో తెలియలేదు, తొట్టి నిండా సిరా. గడ ఎత్తితే గడ నలుపు. నా చొక్కా మీద పడ్డ చుక్కలు నలుపు. పావుగంట ఆగాను, అరగంట ఆగాను, ఏదీ అడుక్కి దిగలేదు. ఇరవై నాలుగు గంటల్లో రైతులొచ్చి తేటనీళ్ళు చూపించమంటారు. ఎర్రనీళ్ళకే కట్ట వేస్తామన్నవాళ్ళు ఈ తొట్టి చూస్తే నన్ను కూడా అందులోనే ముంచుతారు.

"ఎందుకిలా అయింది?" అని అరిచాను. నిజంగానే అరిచాను. అచ్చులు అద్దేవాళ్ళు తలొంచుకుని బట్టలకేసి చూస్తున్నారు.

చివరికి నాంచారమ్మ అంది: "కరక్కాయ నీళ్ళలో ఇనుము పడితే నలుపేగదండీ అయ్యేది."

సంగతేమిటంటే, కలంకారీలో బట్టని మొదట కరక్కాయ నీళ్ళలో నానబెడతారు. ఆరాక దాని మీద తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళతో అచ్చు వేస్తారు. కరక్కాయకి ఇనుము తగలగానే ఆ గీత నల్లబడుతుంది. ఆ నలుపు మీదే వీళ్ళ బతుకు నడుస్తోంది. అదే పని నేను ఒక గీతకి బదులు తొట్టెడు నీళ్ళకి చేశాను.

"కరక్కాయ నీళ్ళు కూడా ఇందులోకి వస్తాయని ఎందుకు చెప్పలేదురా? సీసాలో ఎందుకు పట్టి పంపలేదు?" అని శేషగిరిని నిలదీశాను.

"బావగారూ, కరక్కాయ మురికేంటండీ? మందు గదా. దగ్గొస్తే బుగ్గన పెట్టుకుంటాం. మీరు మురికినీళ్ళు పంపమన్నారు, నేను మురికినీళ్ళే పంపాను" అన్నాడు, మొహం చిన్నబుచ్చుకుని.

నాంచారమ్మ వైపు తిరిగాను. "నువ్వు బట్టలు తీసి దూరంగా వేశావు. నల్లబడుతుందని నీకు ముందే తెలుసు. నోరు తెరిచి ఒక్కమాట చెప్పొచ్చు గదా?"

"బావగారికి ఎవరూ అడ్డు చెప్పొద్దని అయ్యగారు పొద్దున్నే చెప్పారండీ. ఆపైన మీరు చదువుకున్నవారు. తెలిసే పోస్తున్నారనుకున్నా. ముందు నలుపు చేసి తర్వాత తెలుపు చేస్తారేమో అనుకున్నానండీ."

కోపం ఆవిడ మీద కంటే నా మీదే ఎక్కువ వచ్చింది. మా తాతగారు కరణం. కరక్కాయలు నలగ్గొట్టి, అన్నభేది కలిపి ఇంట్లోనే సిరా కాచేవారు. అన్నభేది కూడా ఇనుము ఉప్పే. ఏడేళ్ళ వయసులో ఆ గిన్నె పక్కన కూర్చుని చూసినవాణ్ణి, కెమిస్ట్రీ చదివినవాణ్ణి, తొట్టి పసుపుగా ఉంటే ఎందుకని అడగలేకపోయాను. సిగ్గేసింది.

సిగ్గుపడుతూ కూర్చుంటే తొట్టి తెల్లబడదు. గాజుగ్లాసులు తెప్పించాను. నల్లనీళ్ళు పట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో లెక్కన మందు పెంచి, సున్నం కలిపి చూడటం మొదలుపెట్టాను. సున్నానికి ఈ వైపు కరువు లేదు, చేపల చెరువుల కోసం ప్రతి ఊళ్ళోనూ బస్తాలు బస్తాలు అమ్ముతారు. నాంచారమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుంది. మూడు గ్లాసులు నల్లగానే ఉండిపోయాయి. నాలుగోది బూడిదరంగుకి తిరిగింది. సున్నం ఎక్కువైతే ఒక రకంగా, తక్కువైతే ఇంకో రకంగా పాడవుతోంది. పదకొండో గ్లాసులో నలుపు పాలు విరిగినట్టు విరిగి కిందికి దిగింది.

"అదిగోనండీ, తేరుకుంటన్నయ్యి" అంది నాంచారమ్మ. అప్పుడు మా ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

పొద్దుగూకేలోగా అదే లెక్కన తొట్టికంతా పోయించాను. ఒకటిన్నర క్యాను మందు, రెండు బస్తాల సున్నం పట్టాయి. ఆ రాత్రి గురించి రాయడానికేమీ లేదు, నిద్ర పట్టలేదు అంతే.

తూము దగ్గర, ఆదివారం

తెల్లారేసరికి తొట్టిలో నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున జానెడు మందాన నల్లటి మడ్డి, పైన మాత్రం సిమెంటు గీతలు కనపడేంత తేట. శేషగిరి దణ్ణం పెట్టాడు, నాకో దేవుడికో తెలియలేదు.

ఎనిమిదింటికి దిగువ ఊరినించి ముగ్గురొచ్చారు. ఇద్దరి చేతుల్లో పారలున్నాయి. మూడో ఆయన వీరరాఘవయ్య గారు, డెబ్భై ఏళ్ళ రైతు, పెద్దమనిషి. ఆయన మాట మీదే కట్ట పడడమూ, పడకపోవడమూ. నీళ్ళు బకెట్టుతో తీయించి వాసన చూశారు, చెయ్యి ముంచి చూశారు, కాలవ గట్టు మీద కాస్త ఒలకబోసి మట్టి రంగు చూశారు.

"నీళ్ళు బాగానే ఉన్నయ్యి. ఇయ్యాల బావగారున్నారు. రేపెవరుంటారు?" అన్నారు.

"అంతా మేం చూసుకుంటామండీ" అన్నాడు శేషగిరి.

"రెండేళ్ళనించీ చూసుకుంటానే ఉన్నావుగా."

నేను ముందుకొచ్చి, నీట్‌గా రాసిపెట్టుకున్న కాగితం తీసి చదివాను. రోజుకి మందు ఎంత, సున్నం ఎంత, ఎంతసేపు కలపాలి, ఎన్ని గంటలు తేరనివ్వాలి. నా మటుకు నాకు చాలా బాగుందనిపించింది. వీరరాఘవయ్య గారు ఓపిగ్గా విని, నన్ను వదిలేసి వెనక్కి చూశారు.

"నాంచారమ్మా, నువ్వు చెప్పు. ఈయన వెళ్ళాక ఇది జరిగిద్దా?"

శేషగిరి ఆవిడకేసి చూశాడు. నేనూ చూశాను. పారలవాళ్ళూ చూశారు.

"జరగదండీ" అంది నాంచారమ్మ.

నా చేతిలో కాగితం అలాగే ఉంది.

"ఈ లెక్కన జరగదండీ. తొట్టికి ఒకటిన్నర క్యాను మందు ఎవరు కొంటారు? రోజూ జానెడు మడ్డి దిగితే ఎక్కడ పోస్తారు? వారం చేస్తారు. ఎనిమిదో రోజు ఎవరూ చూడకుండా తూము ఎత్తేస్తారు. ఎత్తమని నాకే చెబుతారు." కాగులకేసి చెయ్యి చూపించింది. మళ్ళీ తనే అంది: "కరక్కాయ నీళ్ళు అసలు పారబొయ్యటం దేనికండీ? విడిగా కాగులో ఉంచుకుంటే కొత్త కరక్కాయ కాస్త కలుపుకుని ఇంకో రెండు వాయిల బట్ట ముంచొచ్చు. మా అమ్మ అట్టాగే చేసేది. ఎర్రనీళ్ళొక్కటే తొట్టిలోకొస్తే ఈ మందు నాలుగు మగ్గులు చాలు. అదైతే నేను పోస్తానండీ. తూము తాళం నా దగ్గరుంటే నేనే పోస్తా."

వీరరాఘవయ్య గారు తలూపారు. "నువ్వు పోస్తానంటే సరే. తాళం ఆవిడకివ్వు శేషగిరీ. కట్ట వెయ్యం."

పారలవాళ్ళు పారలు భుజాన వేసుకున్నారు. అంతే, అయిపోయింది. పద్దెనిమిది మందీ ఆ పూటే పనిలోకి దిగారు.

మీరు నన్ను అడగొచ్చు. మూడు రోజులుగా, ఈ డెల్టాలో కాదని మొహం మీద చెప్పే మనిషి ఒక్కరు లేరా అని విసుక్కున్నవాడివి, ఆ ఒక్కరు దొరికాక సంతోషించావా అని. సంతోషించలేదు. ఒళ్ళు మండింది. అంతమందిలో నా కాగితాన్ని పట్టుకుని జరగదంది. ఆవిడకి చెప్పి రాకుండానే బస్సెక్కాను. బందరు హల్వా కొనడం కూడా మరిచిపోయాను. పామర్రు దాటాక పెన్ను తీసి లెక్క వేశాను. ఆవిడ చెప్పిన నాలుగు మగ్గులే సరిపోతాయి. దాంతో ఇంకా మండింది.

అనంతపురం

ఇక్కడ మనుషులు మొహం మీద చెబుతారని పైన గొప్పగా రాశాను. షాపుల్లో చెబుతారు, నిజమే. మా ప్లాంటులో ఓబులేసు అని వాల్వులు తిప్పే మనిషి ఉండేవాడు. నాకింద ఇరవై రెండేళ్ళు పనిచేశాడు. నీళ్ళు చూసి పటిక ఎంత పడుతుందో చెప్పగలిగేవాడని మిగతావాళ్ళు అనుకునేవారు. నాకెప్పుడూ చెప్పలేదు. నేనెప్పుడూ అడగలేదు. నేనేం రాసిస్తే అది "సరే సార్" అని పోసేవాడు.

మొన్న వాళ్ళింటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. "ఓబులేసూ, ఇప్పుడు నువ్వూ రిటైరయ్యావు, నేనూ రిటైరయ్యాను. దాచకుండా చెప్పు. ఆ రోజుల్లో నేను తప్పు లెక్క రాసిచ్చిన రోజులున్నాయా?" అని అడిగాను.

నా కళ్ళలోకి చూడకుండా గ్లాసు అందుకున్నాడు.

"యాడిది సార్, మీరు రాస్తే తప్పేముంటాది?" అన్నాడు.